కార్తీకానికి మీ పెరడు సిద్ధమేనా?

(రేడియో మహిళా కార్యక్రమంలోని ప్రసంగం)



విజయదశమి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే ఒకసారి పెరటి తలుపు తీసి నిలబడండి. మూడు నెలలు వానలో నానిన పెరడు ఎలా వుంటుందో నేను చెప్పక్కర్లేదు. గోడ వారగా మోకాలెత్తు గడ్డి, కుళాయి చుట్టూ ఆకుపచ్చటి పాచి, ఎప్పుడో బాగు చేయిద్దామని పడేసిన కుర్చీ, పగిలిన పూలకుండీలు, ఒక మూల పాత ఇటుకల కుప్ప. "ఇంకా చాలా రోజులుందిలే, పండగ ముందు పనిమనిషి చేత ఊడిపించేస్తే సరి" అనుకుంటాం. తలుపు వేసేసుకుంటాం.

కాని ఒక్కసారి లెక్క వేసుకోండి. విజయదశమి తరువాత ఎనిమిది రోజులకు అట్లతద్ది. ఇరవై రోజులకు దీపావళి. దీపావళి అయిన నాలుగో రోజు నాగుల చవితి, పన్నెండో రోజు క్షీరాబ్ధి ద్వాదశి, పదిహేనో రోజు కార్తీక పూర్ణిమ. అంటే దాదాపు ముప్పయి అయిదు రోజుల్లో ఇన్ని పండగలూ ఆరుబయటే! అట్లతద్దికి ఉయ్యాల పెరట్లో. దీపావళికి దీపాలు పెరట్లో. క్షీరాబ్ధి ద్వాదశికి తులసి కోటలో ఉసిరి కొమ్మ నాటి పూజ పెరట్లో. ఇక వనభోజనం సంగతి సరేసరి. అందరం తోటలకూ, ఏటి ఒడ్డుకూ వెళ్ళలేం గదా. పెద్దవాళ్ళున్న ఇంట్లో, పసివాళ్ళున్న ఇంట్లో "మన పెరట్లోనే నలుగుర్నీ పిలిచి పెట్టేద్దాం" అనుకోవడం మామూలే. ఏడాదంతా పెరడు అంట్లకీ, ఆరేసిన బట్టలకీ. ఈ నెల రోజులూ మాత్రం అది వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే ముందుగది అన్నమాట.

మరి ఆ గదిని మనం ఎలా తయారు చేస్తున్నాం? ముగ్గు వేస్తాం, దీపం పెడతాం. ఆ రెండూ చేస్తే అయిపోయిందనే నేనూ అనుకునేదాన్ని. అలా అనుకున్నందుకు నాకు జరిగిన శాస్తి ముందు చెప్తాను.

కొన్నేళ్ళ కిందట కార్తీకంలో మా పెరట్లో భోజనాలు పెట్టాం. ముప్పయి మంది. తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపాను, గారెలు వేశాను, గుమ్మాల నిండా బంతిపూల దండలు కట్టాను. అందరూ మెచ్చుకున్నారు. భోజనాలయ్యాక మా పిన్నిగారు చెయ్యి కడుక్కోవడానికి కుళాయి దగ్గరకు వెళ్ళారు. ఆవిడకు అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. కుళాయి పక్క చప్టా మీద పాచి వుంది. పైకి ఎండినట్టే కనిపించింది. నలుగురు చేతులు కడిగేసరికి తడిసింది. పిన్నిగారు అక్కడ కాలు పెట్టడం, జారడం, పడడం ఒక్క క్షణంలో జరిగిపోయాయి. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను, మూడు నెలలు మంచం, ఆ తరువాత చేతికర్ర. అంతకుముందు ఒక్కరే బస్సెక్కి చెల్లెళ్ళ ఊళ్ళన్నీ చుట్టి వచ్చే మనిషి. ఇప్పుడు వీధి దాటాలంటే ఎవరో ఒకరు పక్కన వుండాలి. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధగా వుండేది. ముప్పయి మందికి వంట చేయడానికి నాలుగు రోజులు ఆలోచించిన నేను, ఆ నాలుగు చదరపు అడుగుల చప్టా గురించి అరగంట ఆలోచించలేదు.

అందుకని ఇవాళ పూల అలంకారంతో మొదలుపెట్టను. కింద నేలతో మొదలుపెడతాను.

నేలా, నీరూ

పాచికి రెండు కావాలి - తడి, వెలుతురు. ఎంత తోమినా, తడి అక్కడే నిలిచిపోతుంటే పదిహేను రోజుల్లో మళ్ళీ వస్తుంది. కాబట్టి ముందు నీరు ఎక్కడ నిలుస్తోందో కనిపెట్టాలి. దానికి ఇంజనీరు అక్కర్లేదు. ఒక బకెట్టు నీళ్ళు చప్టా మీద కుమ్మరించి పది నిమిషాలు ఆగండి. ఎక్కడ మడుగు మిగిలిందో అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. అక్కడ వాలు చాలలేదన్నమాట. సిమెంటు నేలకి అయిదడుగులకు ఒక అంగుళం చొప్పున వాలు వుంటే నీళ్ళు చక్కగా జారిపోతాయి. గీత గీసిన చోట తాపీమేస్త్రీ చేత కాస్త సిమెంటు వేయిస్తే ఒక పూట పని. అద్దె ఇల్లయి ఆ వీలు లేకపోతే, ఆ మడుగును రోజూ చీపురుతో కాలువలోకి తోసేయండి.

తరువాత పాచి తోమడం. బకెట్టు నీళ్ళలో గుప్పెడు బ్లీచింగు పౌడరు కలిపి, పాచి మీద పోసి, అరగంట వదిలేయండి. తరువాత గట్టి బ్రష్షుతోగాని కొబ్బరి పీచుతోగాని రుద్ది కడిగేయండి. రెండు జాగ్రత్తలు. ఒకటి, ఈ నీళ్ళు తులసి కోట మొదట్లోకి, మొక్కల్లోకి పోనీయకండి, మొక్కలు మాడిపోతాయి. రెండోది చాలా ముఖ్యం. "బ్లీచింగుకి పోలేదు, కాస్త యాసిడ్ కూడా పోద్దాం" అని బాత్రూములు కడిగే యాసిడ్ దాని మీద పోయకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. ఊపిరితిత్తులు మండిపోతాయి. ఏదో ఒక్కటే వాడండి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, పసివాళ్ళను లోపల వుంచి పని చేయండి.

ఈ పని భోజనాలకు ముందు రోజు పెట్టుకోకండి. కనీసం వారం ముందు చేసి ఎండనివ్వండి. ఆ రోజు చేతులు కడిగే చోట పాత గోనెసంచి కాకుండా - అది మడత పడి కాలికి తగులుకుంటుంది - గరుకు రబ్బరు చాప పరవండి. పక్కనే గోడకు పట్టుకోవడానికి ఒక కమ్మీ బిగిస్తే మరీ మంచిది. ఆ కమ్మీ మా పెరట్లో ఇప్పుడు వుంది. ముందే వుండాల్సింది.

దోమలు పుట్టేది ఎక్కడ?

పెరట్లో సాయంత్రం పదిమందిని కూర్చోబెట్టాలంటే మనకు పెద్ద శత్రువు దోమ. మురుగు కాలువలో పుట్టే దోమ వేరు, డెంగీ తెచ్చే దోమ వేరు. ఒంటి మీదా కాళ్ళ మీదా తెల్లచారలుండే ఈ డెంగీ దోమ మురుగు కంటే శుభ్రమైన నీళ్ళనే ఇష్టపడుతుంది. పూలకుండీ కింద పళ్ళెం, కొబ్బరి చిప్ప, పాత టైరు, పక్షులకు పెట్టిన నీళ్ళ మూకుడు, మేడ మీద మూత సరిగా లేని ట్యాంకు - ఇవే దాని పుట్టిళ్ళు. పైగా ఇది కుట్టేది పగటిపూట. ముఖ్యంగా పొద్దున్నా, సాయంత్రం చీకటి పడబోయే ముందూ. సరిగ్గా మన పేరంటాల వేళ!

గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. ఆ లెక్క మనకు బాగా పనికొస్తుంది. వారానికి ఒకసారి, ఫలానా వారమని పెట్టుకుని, పెరట్లో నీరు నిలిచినవన్నీ బోర్లిస్తే ఒక్క దోమ కూడా ఎగిరే వయసుకు రాదు. నేను శుక్రవారం తలంటు పోసుకున్నాక ఈ పని చేస్తాను. మరిచిపోయే ప్రసక్తి వుండదు. ఇంకొక సంగతి. ఈ దోమ గుడ్లు నీళ్ళు ఎండిపోయినా చావవు. నెలల తరబడి గిన్నె అంచుకు అంటుకుని వుండి, మళ్ళీ నీళ్ళు తగలగానే పిల్లలవుతాయి. కాబట్టి నీళ్ళు పారబోస్తే చాలదు; పళ్ళేన్నీ మూకుణ్ణీ పీచుతో రుద్ది కడగాలి.

ఆ రోజుకి ఇంకొక సులువైన ఉపాయం ఫ్యాను. దోమ రెక్కల బలం తక్కువ. గాలికి ఎదురు ఎగరలేదు. కూర్చున్నవాళ్ళ కాళ్ళకు తగిలేలా ఒక ఫ్యాను పెడితే, వేపాకు పొగ వేసి అందరి కళ్ళూ మండించే అవసరం రాదు.

చెత్త కుప్పా, పురుగూ పుట్రా

నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తాం. కాని మన పెరట్లో పాముకి మనమే ఇల్లు కట్టిపెట్టామని గుర్తించం. ఇటుకల కుప్ప, కట్టెల మోపు, పాత పెంకులు, గుబురుగా పెరిగిన గడ్డి - వీటిలో ఎలుకలు చేరతాయి, కప్పలు చేరతాయి. వాటికోసం పాములు వస్తాయి. రాళ్ళ సందుల్లో తేళ్ళు వుంటాయి. పోయిన వానాకాలం పెట్టిన కుప్పను భోజనాల రోజు పిల్లలు దాగుడుమూతలాడుతూ కదిపితే ఏమవుతుందో ఆలోచించండి.

కాబట్టి గడ్డి కోయించండి. కుప్పలు తీయించండి. కాని మీ చేత్తో తీయకండి. పనివాళ్ళ చేతా ఉత్త చేతులతో తీయించకండి. పొద్దున బాగా వెలుతురున్నప్పుడు, కాళ్ళకు బూట్లు తొడుక్కుని, ముందు పొడుగాటి కర్రతో కదిలించి, గడ్డపారతో ఒక్కొక్క ఇటుకా దొర్లించి తీయాలి. ఉంచుకోవాల్సిన కట్టెలను నేల మీద కాకుండా, అడుగున్నర ఎత్తున రెండు ఇటుకల వరసల మీద పేర్చండి. గోడకు ఆనించకండి. పక్షులకు వేసే గింజలు, కుక్కకు పెట్టే అన్నం రాత్రి పెరట్లో వదిలేయకండి. ఎలుకలకు అది పిలుపు.

ఎంత జాగ్రత్తగా వున్నా పాము కరిస్తే ఏం చేయాలో ఇంట్లో ప్రతివారికీ తెలిసి వుండాలి. గట్టిగా తాడు కట్టకూడదు. కోయకూడదు. నోటితో పీల్చకూడదు. మంత్రానికీ ఆకుపసరుకీ పరుగెత్తి పొద్దు పుచ్చకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా వుంచి, మనిషిని నడిపించకుండా, 108 అంబులెన్సును పిలిచి, పాము విషానికి విరుగుడు ఇంజెక్షను దొరికే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. కట్లపాము కాటు చీమ కుట్టినంత కూడా నొప్పి పుట్టదు. "ఏమీ లేదులే" అని పడుకుంటే తెల్లారేసరికి ప్రాణం మీదికి వస్తుంది. అలాగే పసిపిల్లలను ఎర్రతేలు కుట్టి, చెమటలు పోసి, వాంతులై, చేతులూ కాళ్ళూ చల్లబడితే ఒక్క నిమిషం ఆలస్యం చేయకండి. దానికి మంచి మందులున్నాయి. వేళకు చేర్చడమే మన పని.

రాలిన ఆకుల సంగతి ఒక మాట. కుప్ప పోసి నిప్పు పెట్టడం మనకు అలవాటు. చల్లటి గాలిలో ఆ పొగ పైకి పోక నేల మీదే పాకుతుంది. ఇంట్లో ఉబ్బసం మనిషి వుంటే రాత్రంతా కూర్చోవాల్సిందే. ఇంటికి దూరంగా ఒక మూల గుంట తీసి, ఆకులు ఒక పొర, పేడ కలిపిన నీళ్ళు ఒక పొర వేస్తూ, పైన మట్టి కప్పండి. వేసవికల్లా నల్లటి ఎరువు తయారవుతుంది. అదే మీ మల్లెపాదుకి బలం.

నీడా, గాలీ, వానా

ఈ రోజుల్లో గాలి తిరుగుతుంది. వానాకాలమంతా నైరుతి నుంచి వీచిన గాలి, అక్టోబరు గడిచేసరికి ఈశాన్యం నుంచి వస్తుంది. పెరట్లో ఇటుకల పొయ్యి పెట్టేవారికి ఇది తెలియాలి. పొయ్యి ఈశాన్యాన పెట్టి, విస్తళ్ళు నైరుతిన వేస్తే, పొగంతా అతిథుల కళ్ళల్లోకే. పొయ్యి గాలికి దిగువన వుండాలి. మీ ఇంటి గోడలను బట్టీ, పక్క మేడలను బట్టీ గాలి దారి మారవచ్చు గనుక, ముందురోజు అదే వేళకు ఒక అగరువత్తి వెలిగించి పొగ ఎటు పోతోందో చూసుకోండి. పొయ్యి చుట్టూ నాలుగడుగుల మేర పిల్లలు రాకుండా బల్లలు అడ్డం పెట్టండి. పందిరి ఆకుల కింద పొయ్యి వెలిగించనే కూడదు.

పందిరి ఎందుకంటారా? పగలు ఎండకి మాత్రమే కాదు. కార్తీకంలో ఆకాశం తేటగా వుంటుంది. పొద్దు వాలగానే నేల వేడిని విడిచేసి చల్లబడుతుంది. గాలిలోని తేమ మంచుబిందువులై కుర్చీల మీదా, చాపల మీదా, మన తలల మీదా దిగుతుంది. పైన కొబ్బరాకుల పందిరో, కనీసం ఒక పాత దుప్పటో కట్టి వుంటే ఆ చలువ నేరుగా తగలదు. పెద్దవాళ్ళకి చలి బాధ తగ్గుతుంది. పొద్దు కూడా త్వరగా గూకుతుంది. కార్తీకంలో విజయవాడలో అయిదున్నర ప్రాంతానికే సూర్యాస్తమయం. విశాఖలో ఇంకాస్త ముందే. అందుకని పేరంటం పిలుపు అయిదు గంటలకు కాకుండా నాలుగుకే పెట్టుకుంటే, వెలుతురుండగానే అందరూ వచ్చి కుదురుకుంటారు.

కోస్తా జిల్లాల సోదరీమణులకు ఇంకొక మాట. ఈ నెలలు మనకు తుఫాన్ల నెలలు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది కార్తీకంలోనే. 2014 అక్టోబరు 12న విశాఖలో హుద్‌హుద్ తుఫాను వేలకొద్దీ చెట్లను పడగొట్టింది దీపావళి ముందే. మన పెరటి కొబ్బరిచెట్టుకి ఎండిన మట్టలు, ముదిరిన గెలలు వేలాడుతుంటే దసరాకే దింపించేయండి. వంగిన మునగకొమ్మ కొట్టించేయండి. అది పెళుసు చెట్టు. ఉసిరికొమ్మ కూడా అంతే పెళుసు. దానికి ఉయ్యాల కట్టకండి, పిల్లల్ని ఎక్కనీయకండి. అట్లతద్ది ఉయ్యాలకు చింతకొమ్మో, మామిడిలో బాగా ముదిరిన కొమ్మో చూసి, ముందు ఇంట్లో అందరికంటే బరువైన మనిషిని కూర్చోబెట్టి పరీక్ష చేయండి. మా ఇంట్లో ఆ గౌరవం మావారిది!

దీపాలూ, తీగలూ

సోదరీమణులారా, ఈ భాగం మీరు శ్రద్ధగా వినాలి. పెరట్లో లైటు కావాలని లోపలి గది ప్లగ్గులోంచి వైరు లాగి, కిటికీలోంచి బయటకు తెచ్చి, దారిలో బట్టల దండేనికి చుట్టి, చివర బల్బు వేలాడదీస్తాం. ఆ దండెం ఇనుప తీగ. వైరు మీది రబ్బరు ఎండకు చిట్లి వుంటుంది. మంచు పడుతుంది, లేదా చినుకు పడుతుంది. తడిచేత్తో ఎవరో దండెం మీద తువ్వాలు వేస్తారు. ఇక చెప్పాలా? దండెం తీగ వల్ల ప్రాణాలు పోయిన కబుర్లు మీరూ పేపర్లో చదివే వుంటారు.

బయట వాడే వైరు అతుకుల్లేకుండా ఒకే ముక్కగా వుండాలి. నేల మీద కాకుండా, కర్రల మీదుగా తలకు అందనంత ఎత్తున పోవాలి. ఇనుప తీగకు, ఇనుప గేటుకు, రేకుకు తగలకూడదు. మీ ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర ట్రిప్పయ్యే ఆర్‌సీసీబీ అనే పరికరం వుందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. కరెంటు దారి తప్పి మనిషి ఒంట్లోకి పోతుంటే రెప్పపాటులో అది సరఫరా ఆపేస్తుంది. పట్టుచీర ఖరీదులో ఎన్నో వంతో పెడితే వచ్చే వస్తువు.

బల్బు రంగు కూడా చూసుకోవాలి. తెల్లటి, నీలపు కాంతికి పురుగులు ఎక్కువగా వస్తాయి. పసుపుపచ్చటి కాంతికి తక్కువ. కాబట్టి విస్తళ్ళ మీద పసుపు బల్బు పెట్టి, ఒక తెల్లటి లైటు దూరంగా గోడ చివర వెలిగించండి. పురుగులన్నీ అటు పోతాయి. మన పప్పులో పడవు. మెట్ల దగ్గరా, కుళాయి దగ్గరా, బాత్రూము దారిలోనూ మాత్రం వెలుతురుకు లోటు చేయకండి.

నూనె దీపాలు నేల మీద వరసగా పెడితే చూడ్డానికి బాగానే వుంటుంది. కాని మన చీర కుచ్చిళ్ళూ, పమిట చెంగులూ అక్కడే ఆడుతుంటాయి. నడిచే దారిలో దీపాలను పిట్టగోడ మీదో, తులసి కోట అరుగు మీదో పెట్టండి. ఆ పూట నైలాన్, జార్జెట్ చీరలు వద్దు. అవి కరిగి ఒంటికి అంటుకుంటాయి. నూలు చీర కట్టుకుని చెంగు దోపుకోండి. దగ్గర్లో ఒక బకెట్టు నీళ్ళు, ఒక దుప్పటి వుంచండి. ఒళ్ళు కాలితే సిరా, వెన్న, పళ్ళ పేస్టు పూయకండి. ఇరవై నిమిషాలు మామూలు కుళాయి నీళ్ళు ధారగా పోయండి. తరువాతే డాక్టరు దగ్గరకు.

వంటలు ఆరుబయట

ఇంట్లో ఆరుగురికి వండి వేడిగా వడ్డించడం వేరు, ముప్పయి మందికి వండి ఆరుబయట మూడు గంటలు వుంచడం వేరు. వండిన అన్నంలోనూ కొన్ని సూక్ష్మజీవుల బీజాలు చావకుండా మిగులుతాయి. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ వుంటే అవి పెరిగి విషం పుట్టిస్తాయి. మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. అందుకని వేడివి బాగా వేడిగా వుంచాలి, లేదా వండిన రెండు గంటల్లోపు వడ్డించేయాలి. మన పెద్దవాళ్ళు ప్రయాణాలకు పులిహోర చేసింది ఊరికే కాదు. చింతపండు పులుపు, ఉప్పు, నూనె కలిసి దాన్ని త్వరగా పాడవనివ్వవు. కొబ్బరి పచ్చడి, పెరుగు పచ్చడి, పప్పు మాత్రం ఆఖరున చేయండి. ఒక్క పెద్ద గిన్నెలో కాకుండా రెండు మూడు గిన్నెల్లో పెట్టి, ఒకటి అయ్యాక ఒకటి బయటకు తేవాలి.

అడ్డాకుల విస్తళ్ళు, అరటాకులు ముందే తడిగుడ్డతో తుడిచి పెట్టుకోండి. భోజనాలయ్యాక వాటిని ఆకుల గుంటలోకే వేయొచ్చు. ప్లాస్టిక్ పూత వున్నవి మాత్రం వేయకూడదు. తాగే నీళ్ళకి మూతవున్న బిందె, పొడుగు కాడ గరిటె. చేతులు కడిగే చోట సబ్బు. ఉసిరి చెట్టు లేనివారు ఒక కుండీలో ఇసుక పోసి, ఉసిరి కొమ్మ గుచ్చి, దాని పక్కన విస్తళ్ళు వేసుకోవచ్చు. అపార్టుమెంట్లలో వున్నవారు ఇదే పద్ధతిలో మేడ మీద చేసుకోవచ్చు. కాని అక్కడ పిట్టగోడ ఎత్తు చూసుకోండి. పిల్లల కోసం వేసిన కుర్చీలు గోడకు దగ్గరగా వుంచకండి, ఎక్కి తొంగిచూస్తారు.

పూలు మాత్రం ముందే

ఇప్పుడు పూల మాట. కార్తీకానికి బంతిపూలు పెరట్లోనే పూయాలంటే శ్రావణంలోనే విత్తనాలు వేయాలి. మొక్క జానెడు ఎత్తున్నప్పుడు తల తుంచేస్తే పక్క కొమ్మలు వచ్చి పువ్వులు రెట్టింపవుతాయి. ఈ ఏడు వేయనివారు పై ఏటికి గుర్తు పెట్టుకోండి. చామంతిది ఇంకొక చిత్రం. పగలు తగ్గి రాత్రి పెరిగినప్పుడే అది మొగ్గ తొడుగుతుంది. "మా చామంతి ఏపుగా పెరిగింది, మొగ్గ మాత్రం లేదు" అని ఒక స్నేహితురాలు వాపోయింది. వెళ్ళి చూస్తే, మొక్క పక్కనే రాత్రంతా వెలిగే పెద్ద లైటు! మొక్కకు రాత్రే రాలేదు, పువ్వెలా వస్తుంది? కుండీ చీకటి మూలకు మార్చాక మొగ్గలు వేసింది.

ఒకేసారి ఇన్ని పనులా అని భయపడకండి. మొదటి వారం నీటి వాలు, పాచి, కుప్పలు. రెండో వారం చెట్ల కొమ్మలు, గడ్డి. మూడో వారం వైర్లు, లైట్లు. నాలుగో వారం పందిరి, పొయ్యి చోటు. శుక్రవారం శుక్రవారం నీళ్ళు బోర్లించడం. రోజుకు అరగంట చాలు. పిల్లలకూ, మగవాళ్ళకూ తలొక పని పంచండి. పెరడు మన ఒక్కరిదే కాదు గదా.

చివరగా పిన్నిగారి మాట. ఆపరేషను అయిన ఏడాది తరువాత కార్తీకానికి ఆవిణ్ణి పిలవాలంటే నాకు మొహం చెల్లలేదు. ఆవిడే ఫోను చేసి, "ఏమే, ఈ ఏడు ఉసిరి చెట్టు కింద అన్నం పెట్టవా?" అన్నారు. వచ్చారు. లోపలికి రాకుండా నేరుగా పెరట్లోకి నడిచి, కుళాయి దగ్గర చప్టాను చేతికర్రతో రెండుసార్లు గట్టిగా పొడిచి చూశారు. గోడకున్న కమ్మీని పట్టుకుని ఊపి చూశారు. "ఊఁ, బాగానే వుంది" అని, వెనక నిలబడ్డ వాళ్ళందరితో, "రండమ్మా, చేతులు కడుక్కోండి, ఏం భయం లేదు" అన్నారు.

నా వంటను ముప్పయి మంది మెచ్చుకున్నప్పటి కంటే ఆ మాటకే నాకు తృప్తి కలిగింది. మీ పెరట్లోకి వచ్చే పెద్దవాళ్ళు కూడా అలా ధైర్యంగా అడుగు వేసి, కడుపునిండా తిని, వచ్చినట్టే క్షేమంగా ఇంటికి వెళ్ళాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటాను.